ఎముక కొసల్లో వింత లోకం

బ్రాయిలర్ కోడి కాలు తింటే కొసన ఉన్న తెల్లటి ముద్దను కరకరా నమిలేస్తాం. సంక్రాంతికి కొత్తల్లుడి కోసం కోసిన నాటుకోడి కాలు అలాగే నమలబోతే పన్ను కదులుతుంది. ఈ తేడాలో ఎక్కువ పాలు వయసుది. దుకాణంలో తూకానికి వచ్చే బ్రాయిలర్ వయసు ఆరేడు వారాలకు మించదు. దాని కాలి కొస ఇంకా ఎముకగా మారలేదు. నాటుకోడి నెలల తరబడి తిరిగి తిరిగి గట్టిపడింది.

మనిషి ఎముకదీ ఇదే కథ. నడిమి భాగం బరువు మోస్తుంది. పొడుగు పెరగడం, కీలు కదలడం, కండకు పట్టు దొరకడం, పెద్దవాళ్ల పొడుగు ఎముకల్లో రక్తం పుట్టడం మాత్రం చాలావరకు కొసల దగ్గరే జరుగుతాయి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి లంకల్లో ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట వినపడని వీధి ఉండదు. అరిగిన తర్వాత తలుచుకునే ఆ గుజ్జు దగ్గర, దాని చుట్టుపక్కల ఉన్న వింతలు కొన్ని ఇవి. వీటిలో అన్నిటికన్నా పెద్దది మన భీమవరంలో పుట్టింది. దాన్ని చివరికి ఉంచాను.

మొదట మొదలై, చివర ముగిసేది

తల్లి కడుపులో అన్నిటికన్నా ముందు ఎముకగా మారడం మొదలుపెట్టేది మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక. పుస్తకాల్లో జత్రుక అంటారు. పిండానికి ఐదారు వారాలు నిండేసరికే అక్కడ పని మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే, ఒంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునేది కూడా దీని కొసే. రొమ్ము ఎముక వైపు ఉన్న కొస పూర్తిగా కలిసిపోయేసరికి పాతికేళ్లు వస్తాయి. కొందరికి ముప్ఫై దగ్గర పడుతుంది. పెళ్లయి పిల్లలు పుట్టిన మనిషిలో కూడా ఒక ఎముక కొస ఇంకా ‘పెద్దది’ కాకుండా ఉండవచ్చన్నమాట.

ఈ కొసల లెక్క కోర్టు మెట్లు కూడా ఎక్కింది. పుట్టినరోజు కాగితం లేని పిల్లల వయసు తేల్చడానికి మణికట్టు, మోచేయి ఎక్స్‌రేలు తీస్తారు. ఏ కొస కనిపించింది, ఏది అతుక్కుంది అని చూసి వయసు అంచనా కడతారు. అయితే ఈ అంచనా అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తప్పవచ్చని 1982లో జయమాల కేసులో సుప్రీంకోర్టు గుర్తు చేసింది. జువెనైల్ కేసుల్లో ఆ రెండేళ్లే ఒక కుర్రవాడు జైలుకు వెళ్లాలా, బాలల గృహానికి వెళ్లాలా అన్నది తేల్చవచ్చు. వయసు దాచి చిన్నపిల్లల టోర్నమెంట్లలో దిగే క్రికెటర్లను పట్టుకోవడానికి కూడా మణికట్టు ఎక్స్‌రేనే వాడుతున్నారు.

పుట్టిన బిడ్డలో దాదాపు ఖాయంగా కనిపించే కొస ఇంకొకటి ఉంది. తొడ ఎముకకు మోకాలి వైపు చివర ఉండే ఎముక చుక్క అది. నెలలు నిండే సమయానికి ఏర్పడుతుంది. అందుకే అనుమానాస్పదంగా చనిపోయిన శిశువు నెలలు నిండి పుట్టిందా, ముందే పుట్టిందా అని చూసే పోలీసు వైద్యులు ముందుగా అక్కడే వెతుకుతారు.

పొడుగు ఎక్కడ పుడుతుంది?

పిల్లల ఎముక కొసకు కాస్త లోపలగా పెరుగుదల పలక ఉంటుంది. అందులోని కణాలు వరుసలు కట్టి విడిపోతూ, ఉబ్బుతూ, చివరికి ఎముకకు చోటిచ్చి చనిపోతాయి. ఒంట్లో అన్నిటికన్నా చురుకైన పలక తొడ ఎముకకు మోకాలి వైపున ఉంది. తొడ ఎముక పొడుగులో సుమారు 70 శాతం అక్కడి నుంచే వస్తుంది. ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు. చేతికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. జబ్బ ఎముక పొడుగులో 80 శాతం మోచేతి దగ్గర కాకుండా భుజం దగ్గర పుడుతుంది.

పడుకుంటే పెరుగుతారని ముసలమ్మలు పిల్లల్ని జోకొడతారు. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు గొర్రెపిల్లల కాలి ఎముకల్లో అతి సన్నని సెన్సర్లు అమర్చి ఈ మాటను కొలిచి చూశారు. ఎముక సాగిన దానిలో 90 శాతం గొర్రెపిల్ల పడుకుని ఉన్నప్పుడే జరిగింది. నిలబడితే ఒంటి బరువు పలకను నొక్కేస్తుంది, పడుకుంటే వదిలేస్తుంది. కోచింగు సెంటర్ల కోసం తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల్ని లేపే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

పలక మూసుకోకపోతే ఏమవుతుందో రాబర్ట్ వాడ్లో చూపించాడు. అమెరికాలోని ఆల్టన్ ఊరివాడు. 1940 జులైలో 22 ఏళ్లకు చనిపోయేనాటికి 272 సెంటీమీటర్ల పొడుగున్నాడు, అప్పటికీ పెరుగుతూనే ఉన్నాడు. కొలతలు నమ్మకంగా నమోదైన మనుషుల్లో ఇప్పటికీ ఆయనే అందరికన్నా పొడుగు. మరి పలకను మూసేది ఎవరు? మగవాళ్లలో మగ హార్మోనే అని చాలాకాలం అనుకున్నారు. 1994లో వైద్యపత్రికకు ఎక్కిన ఒక కేసు ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. 28 ఏళ్ల యువకుడు, పొడుగు 204 సెంటీమీటర్లు, మగ హార్మోను సరిపడా ఉంది, అయినా పలకలు తెరిచే ఉన్నాయి. లోపం ఎక్కడంటే, ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌ను ఆయన కణాలు పట్టుకోలేవు. మీసం వచ్చిన కుర్రవాడి ఎత్తుకు గీత గీసేది కూడా ఆడ హార్మోనేనని అప్పుడు తేలింది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లల ఎముకలు విరిగిన సందర్భాల్లో కొన్నిటిలో దెబ్బ ఈ పలకకే తగులుతుంది. సైకిలు మీద నుంచి పడి మోచేయి, మణికట్టు, మోకాలు వాచితే నూనె రాసి లాగడం, తిప్పడం చేయకండి. చెదిరిన పలక తప్పుగా అతుక్కుంటే చెయ్యి వంకర పోవచ్చు, కాలు పొట్టి కావచ్చు. ఆ వంకర బయటపడేది ఏళ్ల తర్వాత.

కొల్లేట్లో కనిపించేవి

కొల్లేటి చెరువుల్లో పెరిగే బొచ్చెకూ శీలావతికీ ఇలా మూసుకునే పలకలు లేవు. అందుకే చేప నెమ్మదించినా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది. మనకేమో గీత పడిపోయింది.

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకకు వెళ్లినవాళ్లు గూడబాతులను, అంటే పెలికాన్లను చూసే ఉంటారు. ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. అంత బరువైన పక్షి గంటల తరబడి గాలిలో తేలడానికి దాని ఎముకల కొసల్లో ఒక ఏర్పాటుంది. రెక్క ఎముకకు భుజం వైపు కొసన ఒక రంధ్రం ఉంటుంది. దాని గుండా ఊపిరితిత్తులకు కలిసిన గాలిసంచి ఎముక లోపలికి పాకుతుంది. మనకు మూలుగ ఉండే చోట దానికి గాలి ఉంటుంది. ఎముకల్లోకి గాలిని పంపుకోవడంలో పెలికాన్లు పక్షుల్లోనే ముందు వరసలో ఉన్నాయి.

అరిగే గుజ్జు, మారని గుజ్జు

ఎముక కొసకు తొడుగుగా ఉండే గుజ్జు, పాఠాల్లో చదువుకున్న మృదులాస్థి, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే కణజాలం. దానిలో రక్తనాళం లేదు, నరం లేదు. మూడు వంతులకు కాస్త అటూఇటూగా నీరే. బతికి ఉన్న కణాలు వందకు ఐదు పాళ్లు మించవు. నరం లేదు కనుక అరిగేటప్పుడు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేసరికి కింద ఉన్న ఎముకో, చుట్టూ ఉన్న పొరో దెబ్బతిని ఉంటుంది. మోకాటి చిప్ప వెనుక భాగాన ఉన్న గుజ్జు ఒంటి మొత్తం మీద మందమైనది. కొందరిలో ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు గుజ్జు ముఖాల మధ్య రాపిడి మంచు మీద మంచు జారేటప్పటి రాపిడికన్నా తక్కువ. మనిషి చేసిన బేరింగుల్లో డెబ్బై ఏళ్లు సర్వీసింగు లేకుండా ఇలా తిరిగేవి అరుదు.

రక్తం రాని చోటికి తిండి ఎలా చేరుతుంది? అడుగు వేసినప్పుడు గుజ్జు నీళ్లు పీల్చిన స్పాంజిలా నొక్కుకుని కొంత నీరు వదులుతుంది, అడుగు ఎత్తినప్పుడు పోషకాలు కలిసిన కీలు ద్రవాన్ని పీల్చుకుంటుంది. నడకే దాని అన్నం. నెలల తరబడి మంచం మీద కదలకుండా ఉన్నవారి గుజ్జు పలచబడుతుంది. మోకాళ్ల నొప్పి రాగానే నడక మొత్తం మానేయమని చెప్పే సలహా అందుకే మంచిది కాదు. తగ్గించాల్సింది బరువు. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గినట్లు 2005లో అమెరికాలో కొలిచారు.

ఇక అసలైన రికార్డు. 1955 నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చడం వల్ల గాలిలో ఒక రకం కార్బన్ అమాంతం పెరిగింది. తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. తిన్న తిండి ద్వారా అది ఒంట్లో చేరుతుంది కనుక ఏ కణజాలం ఏ ఏడాది తయారైందో దాన్ని బట్టి చెప్పవచ్చు. 2016లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు మోకాలి గుజ్జును ఇలా పరీక్షించారు. అందులోని కొలాజెన్ పోగులు మనిషి ఎదిగే వయసులో తయారైనవే, ఆ తర్వాత దాదాపు కొత్తది చేరలేదు. చర్మం మారుతుంది, రక్తం మారుతుంది, ఎముక కూడా మెల్లగా మారుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి మోకాలిలో ఉన్నది మాత్రం బడికి వెళ్లిన రోజుల నాటి సరుకే. పాడైన గుజ్జు మళ్లీ రాదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు. ‘గుజ్జు పెంచే’ పొడులు, నూనెలు అమ్మేవాళ్లు ఎదురైనప్పుడు ఈ రెండు సంవత్సరాలూ గుర్తు పెట్టుకోండి.

మెటికలు, కోడి తురాయి

కీలు లోపల ద్రవం ఎంతుంటుంది? ఒంట్లో అతి పెద్ద కీలైన మోకాలిలో కూడా మామూలుగా నాలుగు మిల్లీలీటర్లు దాటదు, చిన్న చెంచా కూడా నిండదు. ఆ కాస్త ద్రవంలోనే వేళ్ల మెటికల శబ్దం పుడుతుంది. కెనడాలో 2015లో ఎంఆర్ఐ యంత్రంలో వేలు పెట్టి లాగి చూస్తే, ఎముక కొసలు విడిపోయిన క్షణంలో ద్రవం మధ్య వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడడం కనిపించింది. మెటికలు విరిస్తే కీళ్లు పాడవుతాయని డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికా డాక్టరుకు చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు. ఆయన అరవై ఏళ్లకు పైగా ఎడమ చేతి మెటికలే రోజూ విరిచి, కుడి చేతిని వదిలేశాడు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం రాలేదు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2009లో ఆయనకు ఇచ్చారు. దిష్టి తీసి మెటికలు విరిచే మన అమ్మమ్మలు ధైర్యంగా విరవవచ్చు.

ఆ ద్రవానికి జిగట ఇచ్చేది హయలురోనిక్ ఆమ్లం. ఈ పదార్థం అత్యధికంగా దొరికే చోట్లలో ఒకటి కోడిపుంజు తల మీది ఎర్ర తురాయి. దాని నుంచి శుద్ధిచేసిన జిగురును మోకాలిలోకి ఇచ్చే ఇంజెక్షనుకు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ఇప్పుడు బాక్టీరియాతో కూడా తయారు చేస్తున్నారు. సంక్రాంతి బరిలో డేగ, కాకి, నెమలి అంటూ ఈక రంగు చూసి పందెం కాసే జిల్లాలో, ఆ పుంజు తురాయికి మనిషి మోకాలితో ఇంత చుట్టరికం ఉందని తెలిసినవాళ్లు తక్కువ. అయితే ఈ ఇంజెక్షన్ల వల్ల కలిగే మేలు పరిమితమేనని పరిశోధనలు చెబుతున్నాయి. అప్పు చేసి వేయించుకునేంత వైద్యం కాదు.

గొంతుక్కూర్చున్న గుర్తు

1890లలో లాహోర్‌లో పనిచేసిన హావెలాక్ చార్లెస్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు పంజాబీల కాలి ఎముకలు పరిశీలించి ఒక చిత్రం గమనించాడు. పిక్క ఎముక కింది కొసన, చీలమండ ముందు భాగంలో ఐరోపావాసుల ఎముకల్లో అరుదుగా కనిపించే చిన్న నునుపు ముఖాలు ఉన్నాయి. గొంతుక్కూర్చున్నప్పుడు రెండు ఎముకల కొసలు ఒకదానికొకటి ఆనే చోటు అది. కుర్చీ వాడకం తక్కువైన చాలా సమాజాల్లో ఈ గుర్తు కనిపిస్తుంది. చేలో కలుపు తీసిన ఆడవాళ్లు, కొల్లేటి గట్టున వల బాగుచేసుకునే మత్స్యకారులు, పొయ్యి ముందు గంటలు గడిపిన అమ్మలు, వీళ్ల బతుకు పని అంతా చీలమండ దగ్గర రాసి ఉంటుంది. చనిపోయిన తర్వాత కూడా ఎముక కొస ఆ మనిషి ఎలా కూర్చున్నదీ చెప్పగలదు.

చిన్నవే, కానీ వదలలేనివి

ఒంట్లో అతి చిన్న ఎముక చెవిలోని స్టేపిస్. మూడు మిల్లీమీటర్ల పొడుగు. పుట్టేసరికే పూర్తి సైజుకు వచ్చేసి, నూరేళ్లు బతికినా మరి పెరగదు.

గొంతులో ఉండే హయాయిడ్ ఎముక కొసలు ఏ ఇతర ఎముకకూ తగలవు. కండరాలు, లిగమెంట్ల మీద వేలాడుతుంది. గొంతు నులిమిన కేసుల్లో పోస్టుమార్టం చేసేవాళ్లు దీన్ని తప్పక చూస్తారు.

మోకాలి వెనుక కొందరికి ఫాబెల్లా అనే గింజంత ఎముక ఉంటుంది. 1918లో నూటికి 11 మందిలో కనిపిస్తే, 2018 నాటికి 39 మందిలో కనిపించినట్లు లండన్ పరిశోధకులు లెక్క తేల్చారు. పోషణ పెరిగి మనుషుల కాళ్లు పొడుగై, పిక్క కండ బలపడడం వల్ల కావచ్చని వారి ఊహ.

తలుపు సందులో పడి వేలి కొస తెగిన చిన్నపిల్లలకు, గోరు మొదలు మిగిలి ఉంటే, కుట్లు వేయకుండా శుభ్రంగా కట్టు కట్టి వదిలేసినా కొస తిరిగి పెరుగుతుందని 1974లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి సింథియా ఇల్లింగ్‌వర్త్ అనే డాక్టరు ప్రకటించారు. మనిషి ఒంట్లో తెగిన భాగం తిరిగి మొలిచే అరుదైన చోటు వేలి ఎముక చివర.

కండను ఎముకకు కట్టే చోటు కూడా వింతే. కండ చివరి మెత్తటి పోగు ఒక మిల్లీమీటరు లోపే నాలుగు అంచెల్లో గట్టి ఎముకగా మారిపోతుంది. కబడ్డీ ఆడే పన్నెండు పదమూడేళ్ల కుర్రాళ్లకు మోకాలి కింద బొడిపె కట్టి నొప్పి రావడం ఈ పట్టుచోటు లాగబడటం వల్లే. దీన్ని 1903లో బోస్టన్‌లో ఆస్గుడ్, జూరిచ్‌లో ష్లాటర్ ఒకరికి తెలియకుండా ఒకరు వర్ణించారు. చాలామందికి ఎదుగుదల ఆగేసరికి తగ్గిపోతుంది.

భీమవరం నుంచి రెండు మందులు

పెద్దవాళ్లలో ఎర్రమూలుగ ప్రధానంగా మిగిలేది వెన్నుపూస, రొమ్ము, తుంటి ఎముకల్లోనూ, తొడ, జబ్బ ఎముకల పైకొసల దగ్గరా. దుమ్ముల పులుసులో మనం జుర్రుకునే కొవ్వు మూలుగ వేరు, రక్తం పుట్టే ఈ మూలుగ వేరు. ఒంటి మొత్తం మీద మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్ర కణాలను తయారు చేస్తుంది. ఒంట్లో ఇంత వేగంగా పని జరిగే కర్మాగారం మరొకటి వెతకడం కష్టం. దానికి ఫోలిక్ ఆమ్లం అందకపోతే కణాలు విడిపోలేక పెద్దవై, పనికిరాకుండా మిగిలిపోతాయి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఈ జబ్బు పుస్తకాల్లో చదివినది కాదు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన సోదరులిద్దరిని తీసుకుపోయింది. ఆయనను కూడా మంచం పట్టించింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం చచ్చిపోయే జబ్బు అది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. దక్కక, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. 1922లో బోస్టన్ చేరారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి ఇచ్చారు. ఎముకను గట్టిపరిచే ఖనిజంలో భాస్వరం ముఖ్య భాగం కనుక, ఎముక జబ్బులు చూసే ప్రయోగశాలలు ఆ పద్ధతి మీద దశాబ్దాలు నడిచాయి.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాక ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు మందు దొరికింది. ఈ రోజు ఏలూరు జిల్లా పల్లెల్లో గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉన్నది అదే ఫోలిక్ ఆమ్లం.

తర్వాత అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్తక్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చారు. మూలుగలో అదుపు తప్పి పెరిగే కణాలు తాత్కాలికంగానైనా తగ్గాయి. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. 1951లో గుబ్నర్ అనే డాక్టరు అదే అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గడం గమనించారు. కీళ్లవాతంలో ఎముక కొసల చుట్టూ ఉండే పలచని పొర వాచి, గుజ్జునూ ఎముకనూ కొరికేస్తుంది. అమినోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్‌కు 1988లో అమెరికాలో కీళ్లవాతం మందుగా అనుమతి వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఆ జబ్బుకు డాక్టర్లు ముందుగా రాసే మందు అదే.

ఒకే ప్రయోగశాల మూలుగకు అన్నం పెట్టింది, అదే ప్రయోగశాల అదుపు తప్పిన మూలుగకు కళ్లెం వేసింది, కీలు పొరను కూడా చల్లార్చింది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. ఒకే చీటీలో ఆ రెండూ ఉంటాయి. తెలుగువాడి చేతిమీదుగా వచ్చిన వైద్యంలో దీనికన్నా పెద్ద విశేషం నాకు కనబడలేదు.

ఆ చీటీ మీ ఇంట్లో ఉంటే ఒక పని చేయండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని మూలుగ పని ఆగి చనిపోయినవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు. డాక్టరు చెప్పిన రోజు పేరు పెద్ద అక్షరాలతో మందుల డబ్బా మీద రాయండి, చదువురాని అమ్మకో అత్తగారికో మీరే తీసి ఇవ్వండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందుగానే డాక్టరుకు చెప్పండి. నోట్లో పుళ్లు, జ్వరం, ఒంటి మీద నీలి మచ్చలు కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.